చేతిలో యాప్.. చెప్పుకొనేది ఎవరితో?

తక్కువ రుసుముకే వాటాల లావాదేవీలు
ఆటంకం ఎదురైతే మదుపరికే చిక్కులు

ఒకప్పుడు వాటాలు కొనాలంటే పట్టణంలోని బ్రోకరు కార్యాలయం మెట్లెక్కాల్సిందే. అర శాతం కమీషన్ తీసుకున్నా లక్ష రూపాయల కొనుగోలుకు 500 రూపాయలు సమర్పించుకోవాల్సి వచ్చేది. 2010లో బెంగళూరులో ఆరంభమైన జెరోధా, ఆ తరువాత దాని బాటలో నడిచిన సంస్థలు ఆర్డరుకు 20 రూపాయల విధానంతో ఈ లెక్కను మార్చేశాయి. మండల కేంద్రాల్లోని చిరుద్యోగులు, వ్యాపారులు సైతం సెల్‌ఫోన్లోనే ఖాతాలు తెరిచారు. అయితే కార్యాలయంతోపాటు, ఎదురుగా కూర్చుని సమాధానం చెప్పే మనిషీ మాయమయ్యాడు. ఫిర్యాదు చేస్తే ముందుగా దక్కేది ఒక టికెట్ సంఖ్య మాత్రమే.

అసలు ఇబ్బంది మార్కెట్ జోరుగా కదిలే వేళ ఎదురవుతోంది. యాప్ స్తంభిస్తే ఆర్డరు ఎక్స్ఛేంజీకి చేరిందో లేదో తెలియదు. ఆత్రంగా రెండోసారి నొక్కితే రెండు ఆర్డర్లూ అమలయ్యే ప్రమాదముంది. మార్కెట్ ధరకు ఆర్డరు పెడితే తెరపై కనిపించిన ధరే దక్కాలనేమీ లేదు. ఆ క్షణంలో అవతలివారు అడిగిన ధరే ఖరారవుతుంది. పరిమితి ధరతో పెట్టిన స్టాప్‌లాస్ ఆర్డరైతే, ధర దాన్ని దాటి ఒక్కసారిగా పడిపోయినప్పుడు అమలుకాకుండా మిగిలిపోతుంది. వీటన్నింటికీ బ్రోకరునే తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ ఈ తేడాలను ఖాతా తెరిచేటప్పుడే తెలుగులో వివరించే సంస్థలు ఎన్ని?

ఆ రోజు ఏం జరిగిందంటే..

2021 ఫిబ్రవరి 24న సాంకేతిక లోపంతో ఎన్ఎస్ఈలో ఉదయం 11.40 గంటలకు లావాదేవీలు నిలిచాయి. తిరిగి మధ్యాహ్నం 3.45కు మొదలై సాయంత్రం 5 వరకు సాగాయి. ఈలోగా పలువురు బ్రోకర్లు ఖాతాదారుల ఇంట్రాడే లావాదేవీలను బీఎస్ఈలో ముగించేశారు. ఆ రోజు సెన్సెక్స్ 1,030 పాయింట్ల లాభంతో ముగిసినా, కొని ఉంచిన వాటాలు ముందే అమ్ముడుపోయిన వారికి ఆ పెరుగుదల అందలేదు.

5 నిమిషాలు, అంతకు మించి సాగే అంతరాయాలను సాంకేతిక లోపాలుగా పరిగణించి ఎక్స్ఛేంజీలకు తెలపాలని 2022 నవంబరులో సెబీ నిబంధన తెచ్చింది. బ్రోకరు వ్యవస్థ కుప్పకూలినా చేతిలోని లావాదేవీలను ముగించుకునేందుకు 2023 అక్టోబరులో ‘ఇర్రా’ వేదిక ప్రారంభమైంది. దీని పేరైనా వినని మదుపరులే ఎక్కువ.

నష్టపోయినవారు ముందుగా బ్రోకరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పరిష్కారం దొరకకుంటే సెబీ ‘స్కోర్స్’ను, ఆపై రాజీ, మధ్యవర్తిత్వం కోసం ‘స్మార్ట్ ఓడీఆర్’ను ఆశ్రయించవచ్చు. అక్కడ నిలబడేది ఆధారాలే. లోపం తలెత్తిన సమయం కనిపించేలా తెర ఫొటోలు, ఆర్డరు సంఖ్య, వేళ ఉండే కాంట్రాక్ట్ నోటు భద్రపరచుకోవాలి. ఫోన్లో మాట్లాడినా ఆ సారాంశాన్ని అదే రోజు ఈ-మెయిల్‌లో పంపడం మేలు.