వేగం ఒక్కటే కాదు

పోయిన ఆదివారం, గిటారు నేర్చుకుంటున్న మా అబ్బాయి "నాన్నా, ఇది వినండి" అంటూ జాన్ మెక్‌లాఫ్లిన్ వాద్యం పెట్టాడు. జాజ్ గిటారులో పేరుమోసిన ఆంగ్లేయుడాయన. ఆ వేగం, ఆ ఊపు నిజంగా అద్భుతం. "మరి పక్కన మాండొలిన్ ఎవరిదిరా?" అన్నాను. బెంగళూరులో పుట్టి పెరిగిన మావాడికి తెలియలేదు. మనసు చివుక్కుమంది. తప్పు వాడిది కాదు, ఇన్నాళ్లూ వినిపించని నాది.

ఆయన మన పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. 1983లో, పద్నాలుగేళ్లకే బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వినిపించారు. తర్వాతి కాలంలో మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించారు.

మొదట్లో నాకూ ఆయన వేగమే గొప్పగా తోచేది. కానీ మా బ్యాంకులో నోట్లు గబగబా లెక్కపెడితే చాలదు, చివరికి లెక్క కుదరాలి! శ్రీనివాస్ ఎంత వేగంగా వాయించినా తాళం తప్పదు, ప్రతి స్వరమూ స్పష్టంగా వినిపిస్తుంది. అంతకన్నా గొప్పది ఆ నాదం. మామూలు మాండొలిన్‌కు ఉండేవి జంట తీగలు. మీటిన ధ్వని ఇట్టే ఆరిపోతుంది, గమకం పలకడం కష్టం. ఆయన ఐదు ఒంటి తీగలు పెట్టించి, విద్యుత్ సాయంతో స్వరం సాగేలా చేసుకున్నారు. అప్పుడు మాండొలిన్ పాడింది.

2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. నా ఈడువారే.

ఆ రాత్రి మావాడు గిటారు తీసి, వేగం మానేసి, ఒక్క స్వరాన్నే చాలాసేపు సాగదీస్తూ కూర్చున్నాడు. మీ ఇంట్లోనూ పిల్లలకు ఓసారి వినిపించండి.