మాటలతో ఆట, పేరు కోసం పోరు

"పోస్ట్ మోడర్న్ కథల్లో మాటలతో ఆడుకుంటారు, ఉద్యమాలకు వాటితో ఏం పని?" అని కార్యకర్తలు తరచు అడుగుతుంటారు. ప్రశ్న న్యాయమైనదే. ఎవరికీ అర్థంకాని మాటల గారడీ మనకక్కర్లేదు. కానీ ఈ ఆట మొదలుపెట్టింది కథకులు కాదు, పితృస్వామ్యం. రోజంతా చాకిరీ చేసే స్త్రీని 'ఇంట్లో ఖాళీగా ఉంటుంది' అంటుంది. 'పసుపు కుంకుమ కింద ఇచ్చాం కదా' అంటూ కూతురి వాటాను ఆ ఒక్క మాటలో కరిగించేస్తుంది. ఈ ఆటను తిప్పికొట్టాలంటే అది మనకూ తెలియాలి.

పి. సత్యవతి రాసిన 'ఇల్లలకగానే' కథనే తీసుకోండి. ఇల్లలుకుతూ పేరు మరచిపోయిన ఈగ కథ మనం చిన్నప్పుడు విన్నదే. గుర్రం కడుపులోని పిల్ల 'ఇహిహీ' అని సకిలిస్తే, ఆ శబ్దంలోనే ఈగకు తన పేరు దొరుకుతుంది. 'ఇల్లలకగానే పండగ కాదు' అన్న సామెతను ఈ కథతో ముడివేసి, ఈగ స్థానంలో చదువుకున్న గృహిణిని నిలబెట్టారు సత్యవతి. ఇంట్లోవాళ్ళను, ఇరుగుపొరుగును ఎవరినడిగినా ఆమె పేరు దొరకదు. చివరకు పాత స్నేహితురాలు పిలిస్తేగాని తాను శారదనని గుర్తురాదు. పాత కథను తిరగరాసి, అందులో దాగిన అధికారాన్ని బయటపెట్టే ఈ పద్ధతినే ఏంజెలా కార్టర్ 1979లో 'ది బ్లడీ చాంబర్'లో వాడితే విమర్శకులు పోస్ట్ మోడర్న్ అన్నారు. మనకు ఆ ముద్ర అవసరం లేదు, పద్ధతి అవసరం.

కందుకూరి వీరేశలింగం 1874లో బాలికల పాఠశాల పెట్టిన ఊరు ధవళేశ్వరం. అది జరిగి నూట యాభై ఏళ్ళు దాటింది. ఆడపిల్లలకు పేరు రాయడం వచ్చింది. అదే ఊళ్ళో ఈమధ్య పొదుపు సంఘాల స్త్రీలకు 'ఇల్లలకగానే' చదివి వినిపించాను. మొదట అందరూ నవ్వారు. తర్వాత ఒకావిడ, "నా పేరు కార్డుల మీదే ఉందండీ, ఎవరి నోట్లోనూ లేదు" అన్నారు. నిజమే. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో స్త్రీనే ఇంటి పెద్దగా రాయమంది. "మరి పొలం పాసుపుస్తకంలో ఎవరి పేరుంది?" అని అడిగాను. నవ్వులు ఆగిపోయాయి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇస్తూ అప్పటి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసిందని ఆ రోజు చాలామంది మొదటిసారి విన్నారు. కథ విన్నాక ఆ చట్టం గురించి వాళ్ళే ప్రశ్నలు వేశారు.

అందుకే కార్యకర్తలకు నా విజ్ఞప్తి. హక్కుల శిక్షణలో కరపత్రంతో పాటు ఒక కథ కూడా చదవండి. మీ పేరు ఏ కాగితం మీద ఉంది, ఏ కాగితం మీద లేదని ప్రతి ఒక్కరినీ అడగండి. మన సంఘాల రిజిస్టర్లలోనూ 'ఫలానావారి భార్య' అని కాక, ఆమె పేరే ముందు రాయండి. సెక్షన్ల నంబర్లు మరచిపోవచ్చు గాని, ఈగను ఎవరూ మరచిపోరు.