మనసు బాధ ఏ భాషలో చెప్పుకోవాలి? ఒక ఇంటర్న్‌షిప్ తెలియజెప్పిన సంగతులు

2020 జాతీయ విద్యా విధానం వచ్చాక డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్ చదువులో భాగమవుతోంది. మన ఇళ్ళలో ఇంటర్న్‌షిప్ అంటే సాఫ్ట్‌వేర్ కంపెనీ, బ్యాంకు, ఆడిటర్ ఆఫీసు. వాటికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. సైకాలజీ, సోషల్ వర్క్ చదివే పిల్లలు మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలో చేరతామంటే మాత్రం పెద్దలు వెనకాడుతున్నారు. "పిచ్చివాళ్ళ సంస్థలో పనిచేసిందని తెలిస్తే రేపు సంబంధాలు వస్తాయా?" అని మా సంఘం కార్యాలయానికే వచ్చి అడిగినవారు ఉన్నారు.

ఈ భయం అర్థం లేనిదని మేము తీసిపారేయడం లేదు. ఆంధ్రలోనో తెలంగాణలోనో సంబంధాలు వెతుక్కునే మనలాంటి కుటుంబాలకు చిన్న మాట కూడా పెద్దదై కూర్చుంటుంది. అయినా పిల్లలను ఆపడం వల్ల వారికంటే మన సమాజానికే ఎక్కువ నష్టం అని మా అభిప్రాయం.

బెంగళూరులో ఇలాంటి సంస్థలో ఆరు వారాలు పనిచేసిన మన సభ్యుల ఇంటి అమ్మాయి ఒకరు, ఈ మధ్య మా నెలవారీ సమావేశంలో తన అనుభవం చెప్పింది. ఆ సంస్థ మందులు ఇవ్వదు, వైద్యం చేయదు. జబ్బుపడినవారికి చట్టం ఇచ్చిన హక్కులేమిటో కుటుంబాలకు చెబుతుంది. వైకల్య ధ్రువపత్రానికి ఎక్కడికి వెళ్ళాలో, ఇన్సూరెన్స్ వాళ్ళు కాదంటే ఎవరికి రాయాలో చూపిస్తుంది. కాలేజీలకు వెళ్ళి మాట్లాడుతుంది. ఫైళ్ళు సర్దడం, ఫోన్లు తీయడం, కరపత్రాలు సరిచూడడం ఈ అమ్మాయికి అప్పగించిన పనులు.

అందులో కరపత్రం సంగతి మన అందరికీ సంబంధించినది. బళ్ళారి, కోలారు వైపు పంచడానికి తయారుచేసిన తెలుగు ప్రతిని చూడమని ఇచ్చారట. అందులో "మానసిక రుగ్మత లక్షణాలు", "తీవ్ర ఆందోళన" వంటి మాటలున్నాయి. ఇంటికి తెచ్చి నాయనమ్మకు చదివి వినిపిస్తే ఆమెకు ఒక్క ముక్క ఎక్కలేదు. అదే సంగతి ఆమె తన మాటల్లో చెప్పింది: నిద్ర పట్టదు, గుండె దడ, ఒళ్ళంతా బరువు, దేనిమీదా మనసు పోదు. మన పెద్దవాళ్ళు మనసు బాధను ఒంటి బాధగానే చెబుతారు. డాక్టరు దగ్గర కూడా తలనొప్పి అనే మొదలుపెడతారు. ఆ మాటలే కరపత్రంలోకి ఎక్కాయి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. బడిలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియానో నేర్చుకున్నారు. పెద్దలకు ఆ మాటలు అర్థం కావు, పిల్లలకు ఆ అక్షరాలు రావు. కాబట్టి అచ్చు కాగితంతో పని జరగదు, నోటిమాటగా చెప్పాలని ఆ అమ్మాయి సూచించింది. సంస్థవారు ఒప్పుకుని, ఆమె గొంతుతోనే నాలుగు నిమిషాల ఆడియో చేయించారు. బజారులో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు నడిపేవారు కూడా ఏడుపొచ్చినప్పుడు ఇంటి భాషలోకే వస్తారు. ఆ భాష తెలిసిన మనిషి ఆ గదిలో ఉన్నారా లేదా అన్నదే ప్రశ్న. ఇంటి తెలుగు, బయటి భాష రెండూ వచ్చిన మన పిల్లలే ఆ మనిషి కాగలరు.

ఈ విషయంలో కర్ణాటక తెలుగువారు గర్వపడాల్సిన చరిత్ర ఒకటుంది. జిల్లా స్థాయిలో మానసిక వైద్యం అందించవచ్చని 1980లలో నిమ్హాన్స్ ప్రయోగం చేసి చూపింది బళ్ళారి జిల్లాలోనే. ఊరి ఆరోగ్య కేంద్రంలోని మామూలు డాక్టరుకు, ఆరోగ్య కార్యకర్తకు శిక్షణ ఇస్తే చాలావరకు అక్కడే చూడవచ్చని తేలింది. ఆ నమూనా మీదే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాలతో మొదలై దేశమంతా విస్తరించింది. అయినా 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది వరకు వైద్యం అందనివారే అని తేలింది. డాక్టర్ల కొరత ఒక కారణం. సిగ్గు, తెలియకపోవడం, చెప్పుకునే భాష లేకపోవడం మిగతా కారణాలు. స్వచ్ఛంద సంస్థల పని ఈ రెండో వైపే.

చట్టం మాత్రం ముందుకు వెళ్ళింది. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు రేగి, గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు చనిపోయారు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ప్రభుత్వ వైద్యం పొందడం హక్కు అంది. ఒంటి జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇన్సూరెన్స్ ఇవ్వాలంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంది. సంబంధాల గురించి భయపడే తల్లిదండ్రులు ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. ఇక పోలీసు కేసు భయం. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేదు. ప్రభుత్వ ఉద్యోగిని ఒత్తిడి చేయడానికి అలాంటి ప్రయత్నం చేస్తేనే నేరం. కేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా దాచాల్సిన పని లేదు.

ఈ విషయం మన ఇళ్ళకు ఎంత దగ్గరిదో లెక్కలే చెబుతున్నాయి. జాతీయ నేర నమోదు సంస్థ ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ళ విద్యార్థిని మృతి కేసులోనే 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హాస్టళ్ళలో, తరగతుల్లో సహాయ నంబర్లు పెద్ద అక్షరాలతో పెట్టాలి. ఇదంతా జరగాలంటే మనుషులు కావాలి. ఈరోజు ఇంటర్న్‌గా చేరే పిల్లలే రేపటి కౌన్సెలర్లు. వారిని గుమ్మం దగ్గరే ఆపేస్తే మన పిల్లలకు మన భాషలో మాట్లాడే కౌన్సెలర్ ఎక్కడి నుంచి వస్తారు?

అలాగని ఏ సంస్థలోనైనా కళ్ళు మూసుకుని చేర్పించమని మేము చెప్పడం లేదు. డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టేవారున్నారు. జీతం లేని గుమాస్తాగా వాడుకునేవారూ ఉన్నారు. చేరేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. పైన చూసుకునే అనుభవజ్ఞులు ఎవరు? మొదటి వారం శిక్షణ ఏమిటి? విద్యార్థి చేత నేరుగా కౌన్సెలింగ్ చేయిస్తారా? చేయిస్తామంటే అక్కడ చేర్చకండి, అది చదువు పూర్తయినవారి పని. నాలుగోది, వినకూడని బాధలు విని పిల్లలే కుంగితే ఎవరికి చెప్పుకోవాలి? మన అమ్మాయి పనిచేసిన చోట ప్రతి శుక్రవారం ఇంటర్న్‌లను కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడించేవారట. మంచి సంస్థకు అదొక గుర్తు.

మన సంఘాలు చేయగలిగినవి కూడా ఉన్నాయి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ నంబరు 14416. ఫోను ఉచితం, ఇరవై భాషల్లో సేవ ఉంది, తెలుగు అందులో ఒకటి. ఉగాది ఆహ్వానపత్రం మీద దాతల పేర్లు అన్నీ వేస్తాం, దాని అడుగున ఈ నంబరు కూడా వేద్దాం. కార్తీక వనభోజనాల్లో అరగంట ఒక సామాజిక కార్యకర్త చేత ఇంటి తెలుగులో మాట్లాడిద్దాం. జిల్లా ఆసుపత్రిలో తెలుగు తెలిసిన సిబ్బంది ఏ రోజుల్లో ఉంటారో కనుక్కుని నోటీసు బోర్డులో పెడదాం. వీటికి ఖర్చు పెద్దగా లేదు.

మా సంఘం ఈ ఏడాది ప్రతిభా పురస్కారాల్లో ర్యాంకులతోపాటు ఇలాంటి సేవా ఇంటర్న్‌షిప్ చేసిన పిల్లలకూ చోటు ఇవ్వాలని తీర్మానించింది. సభలో నలుగురి ముందు శాలువా కప్పితే, "సంబంధాలు వస్తాయా" అన్న ప్రశ్నకు కొంతైనా జవాబు చెప్పినట్టవుతుంది. మిగతా ఊళ్ళ సంఘాలు కూడా ఆలోచించాలని కోరుతున్నాము.