ఈ మచ్చలకు జవాబు చెప్పాల్సింది ఎవరు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... ఏ ఊళ్లో అడిగినా ఒకటే మాట. గడ్డం మీద వెంట్రుకలు పోవాలని కరెంటు సూది పెట్టించుకున్న ఆడపిల్లకు మచ్చలు పడితే "ఒంటికి పడలేదు" అంటారు. సూది పెట్టినావిడా అంటుంది, ఇరుగుపొరుగూ అంటారు. చివరికి కన్నతల్లి కూడా "మా పాప ఒళ్లు వేడక్కా, అందుకే పడలేదు" అని సర్దుకుంటుంది. సూది పట్టిన చేతి గురించి మాత్రం ఎవరూ అడగరు. ఈ మాట శుద్ధ తప్పు. పైగా, దెబ్బ తిన్నదాని మీదే నేరం మోపే అన్యాయం.

ధర్మవరంలో ఒక నేతవారి అమ్మాయి ముఖాన్ని వెలుతురులో చూశాను. దవడ అంచు వెంబడి ఆవగింజంత గుంటలు, వరుసగా. ఒక్కో గుంట చుట్టూ నల్లటి వలయం. మధ్య మధ్య వెంట్రుకలు మళ్లీ మొలిచాయి. ఒంటికి పడనిదైతే దద్దు లేస్తుంది, దురద పుడుతుంది, నాలుగు వైపులా పాకుతుంది. సూది దిగిన చోటల్లా లెక్కపెట్టినట్టు గుంట పడిందంటే అది కాలిన గాయం. అదే ఊళ్లో చీరలో తప్పు పడితే "పట్టుకు పడలేదు" అని ఏ నేతగాడైనా తప్పించుకోగలడా? సావుకారు కూలి కోసేస్తాడు.

ఈ పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఎవరూ ఆ సాకు నమ్మరు. ఈ కరెంటు సూది పద్ధతి, అంటే ఎలక్ట్రాలసిస్, కొత్తది కాదు. కంటిలోకి తిరిగి గుచ్చుకునే రెప్పవెంట్రుకలను తీయడానికి 1875లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరు దీన్ని బయటపెట్టాడు. వెంట్రుక మొలిచే సందులోకి సన్నని సూది జార్చి కరెంటు ఇస్తే, అక్కడున్న ఉప్పునీరు కాస్టిక్ సోడాగా మారి కుదురును కరిగిస్తుంది. ఇంకో పద్ధతిలో వేడే కుదురును మాడుస్తుంది. రెండింటిలోనూ లోపల జరగాల్సింది ధ్వంసమే. అది కుదురు దగ్గర జరిగితే వైద్యం. సూది పైపైనే ఆగిపోతే కాలేది పైచర్మం. మరీ లోతుకు దిగినా, ఎక్కువసేపు ఉంచినా, ఒకదాని పక్కన ఒకటిగా గుచ్చుకుంటూ పోయినా గుంట ఖాయం. కాస్టిక్ పద్ధతిలో సూది రుణధ్రువంగా ఉండాలి. ధ్రువాలు తారుమారైతే స్టీలు సూదిలోని ఇనుము చర్మంలో దిగి పచ్చబొట్టులా నల్లచుక్క నిలిచిపోతుంది. ఇందులో ఒంటి వేడి పాత్ర ఎక్కడుంది?

చామనఛాయ చర్మానికి గాయమైతే నలుపు త్వరగా తేలుతుంది, కొందరికి గడ్డల్లాంటి మచ్చలు కడతాయి. నిజమే. అది మన ఊళ్లో సూది పట్టే ప్రతివాళ్లకూ ముందే తెలిసి ఉండాల్సిన సంగతి. అందుకే ముందు చెవి దగ్గర నాలుగు వెంట్రుకలు తీసి, కొన్ని వారాలు ఆగి చూడాలి. ముందే తెలిసిన సంగతి తర్వాత సాకు ఎలా అవుతుంది?

"ఒక్క సిట్టింగ్‌లో మొత్తం తీసేస్తాం" అనే బోర్డును నమ్మకండి. వెంట్రుకలన్నీ ఒకేసారి ఎదుగుదలలో ఉండవు కాబట్టి నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి వెళ్లాల్సిందే. సరిగ్గా చేస్తే చిమటాతో అందుకోగానే వెంట్రుక జారి వస్తుంది. పీకినట్టు చురుక్కుమంటే కుదురు చావలేదన్నమాట. సూది ప్యాకెట్ మీ కళ్లముందే చించాలి. ఒకరికి గుచ్చింది ఇంకొకరికి గుచ్చితే మచ్చతో పోదు, హెపటైటిస్ బి కూడా రావచ్చు.

ఎలక్ట్రాలసిస్ మీద నాకు పగ లేదు. లేజర్‌కు లొంగని తెల్లవెంట్రుకనూ ఇది తీస్తుంది. నా కోపమంతా గడ్డం మీద వెంట్రుకలను కేవలం అందం వ్యవహారంగా చూసి పార్లర్‌కు వదిలేయడం మీద. అవి ఉన్నట్టుండి పెరిగి, నెలసరి కూడా తప్పుతుంటే హార్మోన్ల తేడాతో వచ్చే పీసీఓఎస్ ఉందేమో ముందు చూపించుకోవాలి. హార్మోన్ల సంగతి తేలకుండా ఎన్ని కుదుళ్లు మాడ్చినా కొత్తవి వస్తూనే ఉంటాయి. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టర్లున్నారు. ధర్మవరం నుంచి ఎంత దూరమని?

మచ్చ పడ్డాక జరిగేది ఇంకా ఘోరం. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీము తెచ్చి రాస్తారు. వాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం కట్టుదిట్టం చేసినా అడిగితే ఇచ్చేస్తూనే ఉన్నారు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ముఖం మీద వెంట్రుకలూ పెరుగుతాయి. ఏది పోవాలని మొదలుపెట్టారో అదే తిరిగొస్తుంది.

ఇంత జరిగినా ఎవరూ నోరు మెదపరు. ఫిర్యాదు చేస్తే పిల్లకు గడ్డం వచ్చేదన్న సంగతి బయటపడి సంబంధాలు తప్పిపోతాయని భయం. ఆ భయమే చేతకాని చేతులకు కాపలా కాస్తోంది. డబ్బు తీసుకుని చేసిన పని కనుక 2019 వినియోగదారుల రక్షణ చట్టం దీనికీ వర్తిస్తుంది. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. మచ్చ కొత్తగా ఉన్నప్పుడే ఫొటోలు తీయండి, రసీదు అడిగి తీసుకోండి, ఇవ్వకపోతే ఫోన్‌పేలో కట్టిన వివరం దాచండి, డాక్టరుతో అది కాలిన గాయమని రాయించుకోండి.