ఆడేది మీరు, తిరిగేది మీరు.. ఆ మ్యాప్ ఎవరిది?

మీరు రోజూ ఎక్కే బస్‌స్టాప్‌కు షెల్టర్ ఉందా? కూర్చోవడానికి బెంచీ ఉందా? ఎదురుగా ఉన్న రోడ్డుకు రెండు వైపులా ఫుట్‌పాత్ ఉందా, ఒక వైపేనా?

ఈ ప్రశ్నలు మున్సిపల్ సర్వేలో అడిగినవనుకుంటే పొరపాటే. స్ట్రీట్‌కంప్లీట్ అనే మొబైల్ యాప్ అడుగుతుంది. మీ చుట్టుపక్కల మ్యాప్ మీద గుర్తులు చూపిస్తుంది. అక్కడికి నడిచివెళ్లి జవాబిస్తే మీ ఖాతాలో ఒక స్టార్ పెరుగుతుంది. మీ దేశంలో మీ ర్యాంకు ఎంతో కూడా చెబుతుంది.

ఊరు తిరగడాన్ని ఆటగా మార్చే యాప్‌లు ఇలాంటివి చాలానే ఉన్నాయి. పోకెమాన్ గో అందరికీ తెలిసిందే. గూగుల్ మ్యాప్స్‌లో ఫొటోలు పెట్టి పాయింట్లు, లెవెళ్లు సంపాదించే లోకల్ గైడ్స్ కూడా ఒక రకంగా ఇదే ఆట. అన్నిట్లోనూ మీరు నడుస్తారు, చూస్తారు, సమాచారం ఇస్తారు. ఆ సమాచారం చివరికి ఎవరి చేతిలో ఉంటుందన్న దగ్గరే తేడా వస్తుంది.

ఆరు వారాల తర్వాత ఏం మిగిలింది?

పోకెమాన్ గో 2016 జులైలో వచ్చినప్పుడు, పిల్లల్నీ పెద్దల్నీ సోఫాల మీద నుంచి లేపి రోడ్డెక్కించిందని ప్రపంచమంతా మెచ్చుకుంది. మన దేశంలోకి అదే ఏడాది డిసెంబరులో జియోతో కలిసి అధికారికంగా వచ్చింది. నిజంగా నడక పెరిగిందా అని అమెరికాలో కొందరు పరిశోధకులు లెక్క కట్టారు. ఆ ఫలితాలు 2016 చివర్లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. యాప్ వేసుకున్న మొదటి వారంలో రోజుకు సగటున 955 అడుగులు ఎక్కువ నడిచారు. ఆరో వారానికి మళ్లీ పాత లెక్కకే వచ్చేశారు.

కాబట్టి ఆరోగ్యం కోసమే అయితే ఈ యాప్‌ల మీద పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు. నడక ఆగిపోయినా, నడిచిన రోజుల్లో మనం ఇచ్చిన సమాచారం మాత్రం అలాగే ఉంటుంది. అసలు సంగతి అక్కడే ఉంది.

పోకెమాన్ గోలో విగ్రహాలు, పార్కులు, గుడులు, గోడ బొమ్మలు ‘పోకెస్టాప్’లుగా కనిపిస్తాయి. వీటిలో చాలావాటిని కంపెనీ ఉద్యోగులు ఊరూరా తిరిగి గుర్తించలేదు. దీన్ని తయారుచేసిన నియాంటిక్ కంపెనీకే అంతకుముందు ఇన్‌గ్రెస్ అనే గేమ్ ఉండేది. అది ఆడినవాళ్లు ఫొటో తీసి, పేరు రాసి పంపిన స్థలాలే కొత్త ఆటకు పునాది అయ్యాయి. తర్వాత ఇంకో మెట్టు ఎక్కారు. పోకెస్టాప్ చుట్టూ తిరుగుతూ వీడియో స్కాన్ చేస్తే ఆటలో బహుమతులు ఇవ్వడం మొదలుపెట్టారు.

2024 నవంబరులో నియాంటిక్ ఒక ప్రకటన చేసింది. ప్రపంచవ్యాప్తంగా కోటి ప్రదేశాల స్కాన్లు తమ దగ్గర ఉన్నాయని, వాటితో భౌతిక ప్రపంచాన్ని అర్థం చేసుకునే ఏఐ మోడల్ తయారుచేస్తున్నామని చెప్పింది. గేమర్లలో కలకలం రేగాక, స్కానింగ్ ఐచ్ఛికమేనని, ఊరికే ఆడుతూ నడిచినంత మాత్రాన మోడల్‌కు శిక్షణ జరగదని వివరణ ఇచ్చింది. 2025లో పోకెమాన్ గోతో సహా గేమ్స్ వ్యాపారాన్ని స్కోప్లీ అనే కంపెనీకి 350 కోట్ల డాలర్లకు అమ్మేసింది. స్కోప్లీ యజమాని సౌదీ ప్రభుత్వ నిధికి చెందిన గేమింగ్ సంస్థ. మ్యాప్‌ల పని మాత్రం నియాంటిక్ స్పేషియల్ పేరుతో వేరే కంపెనీ అయింది.

ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. నిబంధనలకు ఒప్పుకొన్నాకే ఆట మొదలవుతుంది. కానీ మీ కాలనీ పార్కు చుట్టూ మీ అబ్బాయి తీసిన స్కాన్ మీ కార్పొరేషన్‌కు గానీ, మీ కాలనీ సంఘానికి గానీ ఉపయోగపడదు. లోకల్ గైడ్స్ పరిస్థితి కొంత నయం. రివ్యూకు 10 పాయింట్లు, ఫొటోకు 5, కొత్త ప్రదేశం చేర్చితే 15 ఇస్తారు. అది చూసి ఎవరైనా దారి తెలుసుకోవచ్చు. అయితే మొత్తం డేటాను దింపుకుని మీ వార్డులో మరుగుదొడ్లు ఎక్కడెక్కడ లేవో లెక్క తీయడానికి అనుమతి లేదు.

జవాబు అందరిదీ అయినప్పుడు

స్ట్రీట్‌కంప్లీట్‌లో మీరిచ్చే జవాబు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి వెళ్తుంది. ఇది 2004లో బ్రిటన్‌లో మొదలైన, వాలంటీర్లు నడిపే ఉచిత మ్యాప్. దాని డేటాను ఎవరైనా దింపుకోవచ్చు. ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పాలి. డేటాబేస్‌ను మార్చి బయటపెడితే దాన్ని కూడా అదే షరతులతో అందరికీ ఇవ్వాలి. మెటా, మైక్రోసాఫ్ట్ లాంటి పెద్ద కంపెనీలు కూడా దీన్ని వాడుకుంటాయి. అంటే ఇక్కడా మీ శ్రమ కంపెనీలకు అందుతుంది. కాకపోతే వాళ్లకు ఎంత హక్కు ఉందో మీకూ అంతే ఉంటుంది.

దీనితో ఏం చేయొచ్చో చెప్పడానికి జర్మనీలో పుట్టిన వీల్‌మ్యాప్ మంచి ఉదాహరణ. చక్రాల కుర్చీలో వెళ్లేవాళ్లకు ఏ హోటల్, ఏ ఆఫీసు అనుకూలమో పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపిస్తుంది. దానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపే ఆధారం. స్ట్రీట్‌కంప్లీట్ అడిగే ప్రశ్నల్లో ఇవీ ఉంటాయి: ఈ భవనంలోకి వీల్‌చైర్ వెళ్తుందా? రోడ్డు దాటే చోట, మెట్రో స్టేషన్లలో కనిపించే బుడిపెల పలకల్లాంటివి చూపులేని వారి కోసం వేశారా? రాత్రి ఈ వీధిలో దీపాలు వెలుగుతాయా?

హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో ఈ ప్రశ్నలకు విలువ ఎందుకో చెప్పనక్కర్లేదు. అడ్డంకుల్లేని, దివ్యాంగులకు అనువైన ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద పౌరుల హక్కేనని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. హక్కు అడగాలంటే ముందు ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు, ఎక్కడ సగంలో ఆగింది అన్న లెక్క చేతిలో ఉండాలి. ఓవర్‌పాస్ టర్బో అనే ఉచిత వెబ్‌సైట్‌లో మీ ప్రాంతం వరకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను విడిగా తీసి చూడొచ్చు. కాలనీ సంఘం ఆ మ్యాప్‌ను ప్రింట్ తీసి కార్పొరేటర్ ముందు పెట్టొచ్చు. కొంచెం నేర్చుకోవాలి గానీ, ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ఒక పూట పని.

ఒక్క మాట. మ్యాప్‌లో ‘ఫుట్‌పాత్ లేదు’ అని నమోదు చేస్తే అది ఫిర్యాదు చేసినట్లు కాదు. పగిలిన పలక, వెలగని దీపం బాగుచేయించాలంటే మీ కార్పొరేషన్ ఫిర్యాదుల యాప్‌లోనో, వార్డు ఆఫీసులోనో విడిగా చెప్పాల్సిందే.

ఇంకో లోపం కూడా ఉంది. ఆట ఆడేవాళ్లు ఎక్కడ తిరిగితే మ్యాప్ అక్కడే నిండుతుంది. చార్మినార్‌కు ఫొటోల కొరత ఉండదు. మూసీ ఒడ్డున బస్తీలో మంచినీళ్ల కుళాయి ఎక్కడుందో నమోదు చేసేవాళ్లే తక్కువ. ఏ స్టార్లూ ర్యాంకులూ ఈ అసమానతను వాటంతట అవే సరిచేయవు.

ఆడే ముందు చూసుకోవాల్సినవి

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ మార్పులన్నీ యూజర్‌నేమ్‌తో, సమయంతో బహిరంగంగా కనిపిస్తాయి. రోజూ ఒకే వీధిలో జవాబులిస్తే మీ ఇల్లెక్కడో ఊహించడం కష్టం కాదు. అసలు పేరు కాకుండా వేరే పేరు పెట్టుకోండి. ఆడవాళ్లు, పిల్లలు ఈ విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం–2023 ప్రకారం 18 ఏళ్లలోపు వారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పిల్లల కదలికలను ట్రాక్ చేయడంపైనా ఆంక్షలున్నాయి. దీని నిబంధనలు 2025 నవంబరులో వచ్చినా, కంపెనీలపై ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అంతవరకు కాపలా ఇంట్లోవాళ్లే కాయాలి. లొకేషన్ అనుమతిని ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని మార్చండి.

సికింద్రాబాద్ కంటోన్మెంట్, విశాఖ నౌకాదళ ప్రాంతాల్లో ‘ఫొటోలు తీయరాదు’ బోర్డు ఉన్నచోట ఫోన్ జేబులోనే ఉంచండి. గేమ్ అడిగిందని సెంట్రీకి చెబితే వినడు. చిన్న డబ్బాలు దాచి జీపీఎస్‌తో వెతికే జియోకాషింగ్ 2000 సంవత్సరం నుంచి ఎన్నో దేశాల్లో ఆడుతున్నారు. మన రైల్వేస్టేషన్ దగ్గర అలాంటి డబ్బా పెడితే ముందు దొరికేది బాంబ్ స్క్వాడ్‌కే.

స్ట్రీట్‌కంప్లీట్ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితం. ఐఫోన్ ఉన్నవాళ్లు ఇదే మ్యాప్‌కు సమాచారం పంపే ఎవ్రీ డోర్ యాప్ చూడొచ్చు. వీధి పేరు తెలుగులో రాయడానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రత్యేకంగా ఒక గడి ఉంది. మీ వీధికి అది ఖాళీగా ఉందేమో చూడండి.