మొదట చెప్పిన బాధే అసలు జబ్బు కాకపోవచ్చు

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవను మనం ఇన్నేళ్లుగా ఒకే కొలతతో తూస్తున్నాం: ఫోన్ చేశాక బండి ఎన్ని నిమిషాలకు వచ్చింది, రోగిని ఎన్ని నిమిషాల్లో ఆసుపత్రికి చేర్చింది. రోడ్డు ప్రమాదాలకు, కాన్పులకు ఆ కొలత సరిపోయింది. ఇప్పుడు బండి ఎక్కుతున్న రోగి మారాడు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, వయోజనుల్లో 35.5 శాతం మందికి రక్తపోటు ఉందనీ 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. అరవై దాటిన మనిషి పడిపోయాడంటే షుగరు, బీపీ, గుండె, మూత్రపిండాలు అన్నీ కలిసి పడినట్టే అనుకోవాల్సిన రోజులివి. ఇలాంటి రోగి దగ్గర బండిలో వచ్చే ఈఎంటీ (అత్యవసర వైద్య సాంకేతిక నిపుణుడు) పద్ధతిగా చేసే పరీక్షను ప్రయాణానికి అడ్డుగా చూడకూడదు. అతని చికిత్స అక్కడే మొదలవుతుంది. 108ను ఇక ఆ పరీక్షతో కూడా కొలవాలి.

కళ్లు తిరిగి మెట్ల మీద పడి, తల పగిలిన పెద్దాయననే తీసుకోండి. ఇంట్లోవాళ్లకు కనిపించేది నెత్తురు, ఫోన్‌లో చెప్పేదీ అదే. అసలు ఆయన ఎందుకు పడ్డాడు? పొద్దున ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ తినకపోవడం వల్ల కావచ్చు, గుండె లయ తప్పి కావచ్చు, పక్షవాతం కావచ్చు. రక్తంలో చక్కెర బాగా పడిపోతే మాట ముద్దగా వస్తుంది, ఒక పక్క చెయ్యీ కాలూ చచ్చుబడతాయి, అచ్చం పక్షవాతంలాగే. మాట తడబడుతూ, చెమటలతో తూలుతుంటే తాగి ఉన్నాడని వదిలేసేవాళ్లూ ఉన్నారు. వేలి కొసన ఒక్క నెత్తుటి చుక్క తీస్తే నిమిషంలో తేలే సంగతి ఇది. కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవారిలో చక్కెర పడిపోయినా గుండె దడ కనిపించదు కాబట్టి నాడి ఒక్కటే చూసి ధైర్యపడటానికి లేదు. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారికి గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండానే రావచ్చు. ఆయాసం, వాంతి, చెప్పలేని నీరసం, అంతే. అవి చూసి గ్యాస్ పట్టిందని సోడా తాగించి కూర్చోబెట్టే ఇళ్లు మనకు కొత్త కాదు.

కష్టం అక్కడితో తీరదు. ఒక బాధకు మందు ఇంకో బాధకు విషం కావచ్చు. గుండెపోటుకు ఆస్పిరిన్ ప్రాణాధారం. అదే మనిషికి మెదడులో రక్తస్రావం జరుగుతుంటే అది కీడు చేస్తుంది, రక్తస్రావం ఉందో లేదో సీటీ స్కాన్ తీస్తేగానీ తెలియదు. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టే మాత్ర, పై బీపీ 90 కన్నా తక్కువున్నవారిని ఇంకా కుంగదీస్తుంది. ఏళ్ల తరబడి పొగ తాగి ఊపిరితిత్తులు పాడైన రోగికి రక్తంలో ఆక్సిజన్ శాతం 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, అంతకు మించి ఎక్కించడం ప్రమాదం. అందుకే రోగి ఏ బాధ ముందు చెప్పినా ఈఎంటీ ఊపిరి దారి, శ్వాస, రక్త ప్రసరణ వరుసలో చూసుకుని, ఆ తర్వాత స్పృహ, చక్కెర చూస్తారు. ఏం మందులు వాడుతున్నారు, చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఏది పడదు అని అడుగుతారు. ఇంట్లోవాళ్లకు అనవసరమైన ఆరా అనిపించే ఈ ప్రశ్నల్లోనే చాలాసార్లు రోగి ప్రాణం ఉంటుంది.

నిమిషం విలువైన చోట ప్రశ్నలేమిటి, ఎత్తుకుని పరుగెత్తాలి గదా అనే అభ్యంతరం తేలిగ్గా తీసేసేది కాదు. నెత్తురు ధారగా పోతున్నవాడి దగ్గర ఆరాలకు తావు లేదు, నిజమే. కానీ ఈ పరీక్షలో చాలా భాగం బండి కదులుతుండగానే చేయవచ్చు. పైగా ఎటు పరుగెత్తాలో తేల్చేది ఆ పరీక్షే. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉన్న గడువు నాలుగున్నర గంటలు, అదీ రోగి చివరిసారి బాగున్న క్షణం నుంచి. సీటీ స్కాన్ లేని ఆసుపత్రికి పది నిమిషాల్లో చేర్చి, అక్కడి నుంచి ఇంకో చోటికి పంపితే మిగిలిందేమిటి? ఈఎంటీ డాక్టరు కాదు గదా అనేది రెండో మాట. కాదు, రోగ నిర్ధారణ చేయమని ఆయన్నెవరూ అడగడం లేదు. ఏ లక్షణమూ జారిపోకుండా చూసి, రాసి, అవసరమైతే కాల్‌ సెంటర్‌లోని వైద్యుణ్ని ఫోన్‌లో అడిగి, క్యాజువాలిటీలో అప్పజెప్పడం ఆయన పని. బండి వెనక ఒక్కరే ఉండి ఇదంతా ఎలా చేస్తారన్నది మాత్రం న్యాయమైన ప్రశ్న. ఆ లోటు ఈఎంటీది కాదు, సిబ్బందినీ శిక్షణనూ ఖర్చుగా లెక్కేసే ప్రణాళికది.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ 108 నివేదికల్లో నిమిషాలతో పాటు ఇంకొన్ని వివరాలు చేర్చాలి: స్పృహ తప్పిన ఎంతమందికి చక్కెర చూశారు, ఎంతమంది బీపీని రెండోసారి కొలిచారు, ఎంతమందిని రాతపూర్వక వివరాలతో ఆసుపత్రికి అప్పగించారు. ఈఎంటీల పునశ్చరణ శిక్షణలో ఒకే జబ్బు పాఠాలతో పాటు నాలుగు జబ్బులు కలిసిన రోగి మీద సాధన ఉండాలి.

పాఠకులకూ ఒక విన్నపం. ఇంట్లో పెద్దవాళ్లు వాడే మాత్రల అట్టలు, చివరి ప్రిస్క్రిప్షన్, పడని మందుల పేర్లు ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి అందరికీ తెలిసిన చోట ఉంచండి. 108 వచ్చినప్పుడు రోగితో పాటు ఆ కవర్‌ కూడా బండి ఎక్కించండి.