పందిళ్లు కాదు, చెట్లు కావాలి

గోదావరి పుష్కరాల ఏర్పాట్లు చూస్తున్న అధికారులకు,

అయ్యా,

2027 పుష్కరాలకు రాజమండ్రి రేవుల్లో పనులు చేయించేటప్పుడు ఓ చిన్న విన్నపం. మెట్ల పైన నీడనిచ్చే చెట్లు నాటించండి, వీపు ఆనించుకునే బల్లలు వేయించండి. ఆ ఖర్చును పోయిన తల్లిదండ్రుల పేరిట మాలాంటి పిల్లలను పెట్టుకోనివ్వండి.

మా నాన్నకు గోదావరి గట్టంటే ప్రాణం. 1900 నుంచి 1997 దాకా రైళ్లను మోసిన హేవలాక్ వంతెనను చూపిస్తూనే, పక్క వంతెన మీద వెళ్లే బండి ఏదో టైము చూసి చెప్పేసేవారు. అమ్మ కార్తికంలో అరటిదొప్పలో దీపం వదిలితే, అది పడవల్ని దాటేదాకా కదిలేది కాదు. మోకాళ్లు మొరాయించాక ఇద్దరూ పై మెట్టు మీదే కూర్చునేవారు.

పుష్కరాలకు లక్షలమంది పెద్దలకు పిండాలు పెట్టడానికి వస్తారు, పన్నెండు రోజుల్లో వెళ్లిపోతారు. పందిళ్లూ వాళ్లతోపాటే పోతాయి. ఇప్పుడు నాటిన కానుగ మొక్క 2039 పుష్కరాలకు చెట్టై నిలుస్తుంది.

శిలాఫలకాలు వద్దు, పేర్లూ వద్దు. నీళ్లు పోసి పెంచే బాధ్యత మాకు రాసివ్వండి. దరఖాస్తు ఎక్కడివ్వాలో చెబితే మొదటిది నేనే తెస్తాను.

ఇట్లు,
ఒక రాజమండ్రి వాసి